ఇంకా మెల్లగా పాడేవాళ్లు

మే 28

మహారాజశ్రీ గేట్ల ఆపరేటర్ బావగారి సముఖానికి, పాత రికార్డుల దుకాణంలో దుమ్ము దులిపే శాఖకు అధిపతి, డిగ్రీని రెండో తరగతిలో జయించిన మీ ఏకైక బావమరిది వినయంగా విన్నవించుకునేది:

మీ ఉత్తరం అందింది. ఇరవై ఏళ్లుగా ఆనకట్ట మీద ఇనుప గదిలో కూర్చుని నీళ్లను తప్ప దేన్నీ పట్టించుకోని మనిషి, “రాత్రి డ్యూటీలో వినడానికి దిగులు పాటలేమైనా ఉంటే టేపుల్లోకి ఎక్కించి పంపు” అని రాస్తే నమ్మడమెలా? ఇంకెవరిదైనా సంతకం ఉందేమోనని కాగితం తిరగేసి చూశాను.

“ఫోన్ చేసి అడిగితే పోయేదిగా?” అన్నాడు మా యజమాని. “మా బావగారికి ఈమధ్య ఫోనంటే పడదండీ. ఎత్తి, ‘ఉత్తరం రాయి’ అని పెట్టేస్తారు” అన్నాను. ఆయన నిట్టూర్చాడు. ఆయన పని అదే. రికార్డు పూర్తయిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు. రెండు నిట్టూర్పులు వచ్చాయంటే ఆ రికార్డు ఇక అమ్మడు, సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతాడు. అందుకే ఈ వీధిలో ఆయన్ని నిట్టూర్పు గారు అంటారు. ఆయన ఇంకో ప్రశ్న కూడా వేశాడు: “మీ బావ రాత్రంతా అక్కడ చేసేదేమిటి?” నిద్రపోకుండా ఉంటారని చెప్పాను. అంతకంటే గౌరవమైన జవాబు ఉంటే మీరే సెలవియ్యండి.

ఇక మందు. మొదటి టేపు ‘ఆఖరి బస్సు తర్వాత’. పాడినాయన నిజంగానే బస్సు కండక్టరు. టికెట్ అడిగినంత మామూలుగా మొదలుపెడతాడు. మూడో పాటకొచ్చేసరికి మనం దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయిందనిపిస్తుంది. రెండో టేపు ‘నాలుగో అంతస్తు కిటికీ’. పియానో ఒక్కటే తోడు. ఆవిడ పాడేది తక్కువ, ఆగేది ఎక్కువ.

మోతాదు: పన్నెండు దాటాక, దీపం తగ్గించి, రాత్రికి ఒక వైపు మాత్రమే. అక్కకి వినిపించకండి. పాత్రలు తోముతూ ఏడిస్తే జారి పగులుతాయి.

వైద్య విద్య చదవని వైద్యుడు,
మీ బావమరిది

*

జూన్ 6, రాత్రి 1.20
నీటిమట్టం 22 అడుగులు (నిండితే 45)

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

టేపులు అందాయి. కవరు తడిసింది, టేపులు తడవలేదు.

మీ యజమానికి చెప్పు. పైన పన్నెండు మైళ్ల దూరంలో ఇంకో స్టేషన్ ఉంది. అక్కడ నీరు పెరిగితే వాళ్లు మీట నొక్కుతారు, నా గదిలో గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగితే అన్ని గేట్లు ఎత్తాలి. ఎత్తే ముందు సైరన్ వెయ్యాలి. కింద నదిలో రాత్రిపూట ఇసుక ఎత్తేవాళ్లుంటారు, తెల్లవారుజామున బట్టలుతికేవాళ్లుంటారు. వాళ్లు ఒడ్డుకి చేరడానికి పది నిమిషాలు ఆగాలి. తర్వాతే గేటు. ఇంతే నా పని. ఇదివరకు ఇద్దరం ఉండేవాళ్లం. రెండో మనిషిని తీసేశారు.

కండక్టరు స్పష్టంగా ఉన్నాడు. నాలుగో అంతస్తు ఆవిడ రెండో పాట చివర ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు ఉంది. నువ్వు విన్నావా? నేను టేప్ రికార్డర్ శబ్దం మూడు మీద పెట్టి వింటాను. ఎవరు పాడినా మూడే. మార్చను.

ఇంకా మెల్లగా పాడేవాళ్లు ఉంటే పంపు.

మీ అక్క క్షేమం. కొంచెం చిక్కింది.

ఇట్లు,
మీ బావ

*

జూన్ 14
నిట్టూర్పు మట్టం: ఉదయం నుంచి తొమ్మిది, ఇంకా పెరుగుతోంది

కుర్చీ చప్పుడును కనిపెట్టిన శాస్త్రవేత్తకు జోహార్లు!

ఆ రికార్డు దుకాణంలో పదకొండేళ్లుగా ఉంది. మీ ఉత్తరం చదివి వినిపించగానే నిట్టూర్పు గారు స్పీకరుకు చెవి ఆనించి మూడుసార్లు విన్నాడు. మూడోసారి దొరికింది. వరసగా మూడు నిట్టూర్పులు! చరిత్రలో లేదు. “మీ బావవి చెవులా, ఇంకేమన్నానా?” అన్నాడు.

నాకు గర్వమేసింది బావా. నాకు ఏడేళ్లప్పుడు మీ గదికి వస్తే మీరు కళ్లు మూసుకుని, “మూడో గేటు పళ్లు నూరుతోంది, గ్రీజు పెట్టాలి” అనేవారు. నేనూ కళ్లు మూసుకునేవాణ్ణి. నాకు నా ఆకలి తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మీ దగ్గర నేర్చుకోబట్టే ఇవాళ రికార్డు మీద గీత ఎక్కడుందో చప్పుడును బట్టి చెప్పగలుగుతున్నాను. ఇలాంటి విద్యకు జీతం ఎవరూ ఇవ్వరన్నది వేరే సంగతి.

మెల్లగా పాడేవాళ్లు కావాలన్నారు. ‘సెలవు చీటీ’ పంపుతున్నాను. పాడినాయన బడి మాస్టారు. పాటకూ పాటకూ మధ్య దగ్గుతాడు. ఆ దగ్గులు తీసేస్తామంటే ఒప్పుకోలేదట, “నాకు లేని విరామం వినేవాళ్లకి ఎందుకు?” అన్నాడట. ఇంకోటి ‘గోడ అవతల’. ఈ గాయనికి మేం పెట్టుకున్న పేరు గుసగుస గారు. పసిపిల్లను పక్కన పడుకోబెట్టి, ఆ పిల్ల లేవకుండా ఒంటి గది ఇంట్లో పాడి రికార్డు చేసింది. ఇంతకంటే మెల్లగా పాడితే దాన్ని పాడటం అనరు బావా, తలచుకోవడం అంటారు.

ఒక్క అనుమానం. ఇంత దిగులు మీకెందుకు? అక్క మీద అలిగారా? అలిగితే చెప్పండి, మధ్యవర్తిగా నా రేట్లు తక్కువే.

మీ బావమరిది

*

జూన్ 25, రాత్రి 2.05
నీటిమట్టం 26 అడుగులు

చిరంజీవి బావమరిదికి,

మాస్టారు బాగున్నాడు. దగ్గులన్నీ వినపడ్డాయి. గుసగుస గారిని మూడు మీద పెట్టి విన్నాను. తర్వాత ఐదు మీద పెట్టి విన్నాను. ఇకనుంచి టేపుతో పాటు పాటల మాటలు కూడా కాగితం మీద రాసి పంపు. ఏ పాటలో ఏం ఉందో అది కూడా రాయి.

అలక లేదు. మీ అక్కే ఈమధ్య అనుమానం మనిషి అయింది. మా క్వార్టరు నుంచి నా గదికి డెబ్భై రెండు ఇనుప మెట్లు. అర్ధరాత్రి, వానలో, ఫ్లాస్కులో టీ పోసుకుని ఎక్కి వచ్చేస్తోంది. సరిగ్గా గంట మోగిన వేళకే వచ్చి అడ్డం పడుతుంది. మొన్న అలాగే వచ్చి, “రెండుసార్లేనా అండీ మోగింది?” అంది. అవునన్నాను. రెండు గేట్లు ఎత్తాను. కింద పడుకుని కూడా నా గంటలు లెక్కపెడుతోందన్నమాట. ఇన్నేళ్లు పని చేశాక నాకు పైన ఒక అధికారి.

“టీ వద్దు, పడుకో” అంటే వినదు.

ఇంకా మెల్లగా పాడేవాళ్లు లేరా?

ఇట్లు,
మీ బావ

*

జూలై 3

అనుమానపు భార్యా బాధితుడైన బావగారికి,

నాకు మొత్తం అర్థమైపోయింది. అర్ధరాత్రి ఆనకట్ట మీద ఒంటరి గది. లోపలినుంచి ఒక ఆడమనిషి గుసగుసలు. కింద క్వార్టర్లో పడుకున్న ఇల్లాలికి నిద్ర పడుతుందా? ఫ్లాస్కు కాదు, రోకలి పట్టుకుని రావాల్సింది. మా అక్క సహనానికి దండం పెట్టండి.

హాస్యం పక్కన పెడితే, దాని ఉత్తరం కూడా వచ్చింది. నాలుగు వాక్యాలు. ఒక వాక్యం మధ్యలో నిద్రపోయినట్టుంది, అక్షరాలు గీతలై కిందికి జారిపోయాయి. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. పది రోజులు దాన్ని నా దగ్గరికి పంపండి. నా గది చిన్నదే, కానీ మెట్లు పన్నెండే. బస్సు టికెట్ ఇందులో పెట్టాను, పద్నాలుగో తారీకుది. వెనక్కి పంపితే మీ మీద నిట్టూర్పు గారిని వదులుతాను.

అది ఇక్కడ హాయిగా పడుకుంటుంది. మీరు అక్కడ మీ గుసగుసలతో ప్రశాంతంగా ఉండండి. మీ ఇంటి సమస్య ఒక్క టికెట్‌తో తీర్చిన ఘనత చరిత్రలో నాకు దక్కాలి.

మీ బావమరిది

*

జూలై 18, పగలు 11.00
నీటిమట్టం 38 అడుగులు

చిరంజీవి బావమరిదికి,

మీ అక్క నీ దగ్గరినుంచి నిన్న తిరిగి వచ్చింది. మూడు రోజులకే ఎందుకు వచ్చిందో చెప్పలేదు. జరిగింది నీకు తెలిసే ఉంటుంది. సరిగ్గా తెలియాలని రాస్తున్నాను.

పదహారో తారీకు తెల్లవారుజామున పై స్టేషన్ వాళ్లు గంట మూడుసార్లు కొట్టామంటున్నారు. ఒకసారి కాదు, నాలుగు విడతలుగా. నా గదిలో గంట మోగలేదు. మట్టం పెరగడం చూసి నేనే గేట్లు ఎత్తాను. ముందు సైరన్ వేశాను. బటన్ నొక్కి నిండా ఒక నిమిషం పట్టుకున్నాను. పుస్తకంలో వేళ కూడా రాశాను.

సైరన్ రాలేదట. ఫ్యూజు పోయింది. కింద ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అతను, భార్య నీళ్లలో ఉన్నారు. అతను ఒడ్డుకి చేరాడు. ఆవిడ రాళ్ల మధ్య చిక్కుకుని కొమ్మ పట్టుకుని ఉంటే ఇసుకవాళ్లు తాడేసి లాగారు. బతికింది. చెయ్యి విరిగింది. అతను తడిబట్టలతో మెట్లెక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు. చాలాసేపు నోరు కదిలించాడు. కోపంలో మాట పైకి రాలేదు పాపం.

ఇంజనీరు గారు ఫ్యూజు మార్పించి, “సైరన్ రాలేదని నీకెలా తెలియలేదయ్యా?” అని అడిగారు. గాలి హోరులో తెలియలేదన్నాను. రాసుకున్నారు.

గంట తీగ చూడమని నేను ఆఫీసుకు కాగితం పెట్టాను. చూశారు. బాగానే ఉందంటున్నారు.

ఇట్లు,
మీ బావ

*

జూలై 24

బావా,

ఏ బిరుదుతో మొదలుపెట్టాలో తోచక ఇలా మొదలుపెట్టాను. ఆవిడ బతికింది, అది చాలు. ఫ్యూజుల జాతి మొత్తాన్నీ మా దుకాణం నుంచి వెలివేశాం.

అక్క సంగతి. వచ్చిన రోజు భోజనం మధ్యలోనే కునికింది. మర్నాడంతా పడుకుంది. బతికే ఉందా అని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పదహారు సాయంత్రం మీ ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి సంగతి చెప్పాడు. నేను ఫోన్ కింద పెట్టేలోగా ఇది సంచి సర్దేసింది.

“ఏంటే ఇది? వచ్చి రెండు రోజులు కాలేదు!”

“నువ్వు నోరు మూసుకుని బస్సు ఎన్నింటికో కనుక్కో.”

“నువ్వెళ్లి ఏం చేస్తావు? కొట్టుకుపోయిన దుప్పట్లు ఏరుతావా?”

“నేను లేనప్పుడే జరిగింది చూడు” అంది.

“నువ్వుంటే ఫ్యూజు భయపడి ఉండేదా?”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “ఒరేయ్, నువ్వు మీ బావతో ఫోన్లో మాట్లాడి ఎన్నాళ్లయింది?” అంది.

“ఆయన మాట్లాడనిస్తేగా!”

“అదీ” అంది. అంతే. సంచి భుజాన వేసుకుని బస్సుకి బయల్దేరింది.

‘అదీ’ అంటే ఏది బావా? మీరు నాతోనూ మాట్లాడటం లేదు, దానితోనూ మాట్లాడటం లేదు, రాత్రంతా దిగులు పాటలు వింటున్నారు. నాకు భయంగా ఉంది. మనసులో ఏదైనా పెట్టుకుని కుమిలిపోతున్నారా? ఈ పాటలు నాలాంటి బాధ్యత లేనివాళ్లకి సరదా. నిజంగా బాధలో ఉన్నవాళ్లకి విషమేమో. ఆపమంటే ఆపేస్తాను.

ఆపమనలేదు కాబట్టి ఈసారికి పంపుతున్నాను. గుసగుస గారి రెండో ఆల్బం, ‘నిద్రపోతున్నవాళ్లకి’. పసిపిల్ల పెరిగి బడికి పోతున్నా ఆవిడకు మెల్లగా పాడటం మాత్రం పోలేదు. మీరడిగినట్టే మాటలు రాశాను. వివరాలు: మూడో పాటలో రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినండి. నాలుగో పాటలో కిటికీ బయట వాన ఉంది. ఐదో పాట కాస్త సాగదీసింది, క్షమించేయండి.

మీ బావమరిది

*

ఆగస్టు 2, రాత్రి 12.50
నీటిమట్టం 41 అడుగులు

చిరంజీవి బావమరిదికి,

నువ్వు భయపడినట్టు ఏమీ లేదు. నాకు దిగులు లేదు. పని ఎక్కువ, అంతే.

టేపు విన్నాను. చాలా బాగుంది. మూడో పాటలో రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడు నేను కూడా ఊపిరి బిగబట్టాను. నాలుగో పాటలో వాన ఇక్కడి వానలో కలిసిపోయింది. ఐదో పాట సాగదీసింది. అయినా వదిలిపెట్టలేదు, చివరిదాకా విన్నాను.

రెండు వైపులా మూడు రాత్రులు విన్నాను.

మీ అక్కకి నీరసంగా ఉంటోంది. డాక్టరు నిద్ర చాలదన్నాడు. రాత్రి తొమ్మిదింటికే పక్క వేస్తుంది, ఇంకేం నిద్ర కావాలో.

ఇట్లు,
మీ బావ

*

ఆగస్టు 6

బావా,

ఒక సంఘటన రాస్తాను. నవ్వొచ్చే సంఘటనే. నవ్వి చూడండి.

మీకు ఆ టేపు చేసిన రోజే అదే రికార్డు నుంచి ఇంకో టేపు కూడా చేశాను. మా దుకాణంలో యంత్రాలు రెండు, రెండూ ఒకే తీగకు తగిలిస్తాం. ఒకటి మీకు, ఒకటి మా వీధి చివర మంగలికి. ఆయన కొట్టు మూసేశాక కుర్చీలో వెనక్కి వాలి ఇలాంటివి వింటాడు. నిన్న వచ్చి టేపును బల్ల మీద పడేశాడు.

“ఏంటండీ, నచ్చలేదా?” అన్నాను.

“నచ్చడానికి ఏముంది ఇందులో?”

“అలా అనకండి, పెద్ద గాయని...”

“గాయని లేదు, గాడిదగుడ్డూ లేదు. రెండు వైపులా తిప్పాను. నా గురకే బాగుంది దీనికంటే!”

వేసి చూశాం. నిజం. మొదటినుంచి చివరిదాకా ఖాళీ. తీగ ఊడిపోయి ఉంది, ఆ పూట నేను చూసుకోలేదు. ఒకే తీగ బావా. మీకు పంపింది కూడా ఖాళీయే.

మీరు అందులో ఊపిరి విన్నారు. వాన విన్నారు. ఐదో పాట సాగదీసిందని విసుక్కున్నారు.

నిట్టూర్పు గారికి మీ ఉత్తరం చూపించాను. ఆయన నిట్టూర్చలేదు. బల్ల మీది రికార్డులన్నీ ఒక పక్కకు జరిపి, “మీ బావ పనిలో గంట ఉంటుందన్నావు కదూ?” అన్నాడు.

తర్వాత మీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. మూడు మీద. ఐదు మీద. మాటలు రాసి పంపు. లాండ్రీ అతను నోరు కదిలించాడు. ఫోనొద్దు, ఉత్తరం రాయి.

బావా, మీకు వినపడుతోందా?

దీనికి జవాబు తిరుగు టపాలో రాయండి. హాస్యం లేకుండా అడుగుతున్నాను, నాకు చేతనైనంతలో.

మీ బావమరిది

*

ఆగస్టు 11, రాత్రి 3.10
నీటిమట్టం 43 అడుగులు

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం చూసి నాకు మొదట సంతోషం వేసింది. నిజం చెప్తున్నాను. టేపు ఖాళీదైతే వినపడకపోవడం న్యాయమే కదా? అందులో ఆవిడ లేదు కాబట్టి నాకు వినపడలేదు. నా చెవి తప్పు కాదు. వెంటనే ‘గోడ అవతల’ పెట్టాను, అది ఖాళీ కాదని తెలుసు. తొమ్మిది మీద పెట్టాను. ఆ యంత్రానికి తొమ్మిదే ఆఖరు.

చక్రాలు తిరగడం కనపడింది.

నీకు దాచి లాభం లేదు. ఫోన్లో మాట పోవడం శీతాకాలంలో మొదలైంది. గంట లాంటి సన్నటి చప్పుళ్లు కూడా అప్పుడే పోయాయి, కుర్చీ జరిపిన చప్పుడు లాంటి మొద్దువి మాత్రం ఇంకొన్నాళ్లు మిగిలాయి. బిగ్గరగా ఉండేవి వినపడినంత మాత్రాన ధైర్యం రాదు, అవి గోడకైనా వినపడతాయి. అందుకని అన్నిటికంటే మెల్లగా పాడేవాళ్లని అడిగాను. మూడు మీద పెట్టి వాళ్లు వినపడినంతకాలం నా ఉద్యోగం నాదే అనుకున్నాను. గుసగుస గారు జూన్ ఆఖర్లో వెళ్లిపోయింది. నాలుగో అంతస్తు ఆవిడ తర్వాతి వారం. మాస్టారి పాటలు పోయాక కూడా దగ్గులు కొన్నాళ్లు మిగిలాయి. కండక్టరు మొన్నటిదాకా ఉన్నాడు. నువ్వు పంపినవాళ్లందరూ ఒక్కొక్కరే లేచి నా గదిలోంచి వెళ్లిపోయారు.

కానీ పని ఆగలేదు. నేనొక పద్ధతి పెట్టుకున్నాను. గంట ఉన్న బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు పెడతాను. గంట మోగితే బల్ల అదురుతుంది, నీళ్లు వణుకుతాయి. చూపు తిప్పను. జూలై పదహారు తప్ప ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజెందుకో గ్లాసు కదల్లేదు. సైరన్‌కి కూడా పద్ధతి ఉంది. సైరన్ మోగితే అది ఉన్న గోపురం మీది పావురాలు లేస్తాయి. పగలు. రాత్రి అవి కనపడవు.

వానలు ఇంకో నెల. ఈ నెల గడిపేస్తే నేనే వెళ్లి ఇంజనీరు గారికి చెప్తాను. ఇప్పుడు చెప్తే ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా పోతుంది. ఆ లాండ్రీ ఆవిడ చెయ్యి కూడా నా మెడకే చుట్టుకుంటుంది. నువ్వు ఎవరితోనూ అనవద్దు. మీ అక్కతో అసలు అనవద్దు, తనకు తెలియదు.

మీ అక్క రాత్రి మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. ఎముకలేమీ విరగలేదు. ఇక్కడి డాక్టరు మీ ఊరి పెద్దాస్పత్రికి రాశాడు. పొద్దున బండిలో పంపిస్తున్నాను. నేను రాలేను, నీళ్లు నలభై మూడు మీద ఉన్నాయి. చూసుకో.

ఇట్లు,
మీ బావ

*

ఆగస్టు 14

బావా,

అక్క ఆస్పత్రిలో ఉంది. కంగారు లేదంటున్నారు. నిద్ర లేక వచ్చిన జబ్బు. మందిచ్చి పడుకోబెట్టారు. గాలి వాటానికి తలుపు కొట్టుకుంటే చాలు, దిగ్గున లేచి, “ఎన్నిసార్లు మోగింది?” అని అడుగుతోంది. కాళ్లు కిందికి దింపేస్తోంది. నర్సు పట్టుకుని మళ్లీ పడుకోబెడుతోంది. నాలుగు రోజులుగా ఇదే.

ఇవాళ పొద్దున కాస్త తేరుకుంది. మీ ఉత్తరం అప్పుడే వచ్చింది. నా జేబులో ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు. అదే అంది, “ఒరేయ్, అక్కడ ఇవాళ వాన పడుతోందా?”

“పడుతోందట.”

“మీ బావకి వినపడదురా.”

“నీకెప్పటినుంచి తెలుసు?”

“నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కనే నిలబడి పిలిస్తే పలకని మనిషితో కాపురం చేస్తున్నాను. ఒకప్పుడు పెసరగింజంత చప్పుడుకి తల తిప్పిన మనిషి.”

“మరి చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? నీ చెవులు పోయాయని నేను అంటే ఆయన తట్టుకోగలడా? కిటికీ తెరుచుకుని కూర్చుంటాను. గంట మోగితే పరిగెత్తుతాను. టీ వంక పెట్టుకుని లోపలికి పోతాను. ఎన్నిసార్లు మోగిందో మాటల్లో పెట్టి పెదాలు కనపడేలా అడుగుతాను. సైరన్ నొక్కాక బయటికొచ్చి, మోగిందో లేదో విని దిగిపోతాను. అంతే.”

“ఎన్నాళ్లనుంచి?”

“శీతాకాలం నుంచి” అంది. అంతకంటే చెప్పకుండానే కళ్లు మూతలు పడిపోయాయి.

మీ గ్లాసు గంటకి ఎప్పుడూ కదల్లేదు బావా. మీ గది నేల ఇనుప రేకు. డెబ్భై రెండు మెట్లు పరిగెత్తి ఎక్కి అక్క ఆ రేకు మీద అడుగు పెడితే కదిలింది. జూలై పదహారున అక్క ఇక్కడ, నా పక్క మీద పడుకుని ఉంది. నేనే టికెట్ కొని మరీ రప్పించాను. మీ ఇంటి సమస్య తీర్చాననుకుని.

ఇప్పుడూ ఇక్కడే ఉంది. మీ గంటని వినే మనిషి ఈ రాత్రి అక్కడ ఒక్కరూ లేరు.

అందుకని ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మీ ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. మీరు నెల అడిగారు, నేను ఒక్క రాత్రి కూడా ఇవ్వలేకపోయాను. సాయంత్రానికల్లా ఇంకో మనిషిని కూర్చోబెడతామన్నారు. ఈ ఉత్తరం మీకు చేరేసరికి అది జరిగిపోయి ఉంటుంది. మీకు నా మొహం చూడాలనిపించకపోవచ్చు. నాకు ఏడేళ్లప్పుడు వినడం నేర్పిన మనిషి మీద నేను చాడీ చెప్పాను. ఎలా రాసినా అది అంతే.

హాస్యానికి ఏమీ దొరకలేదు. వెతికాను.

మీ బావమరిది

*

ఆగస్టు 19, మధ్యాహ్నం

బావమరిదికి,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. మనిషి పద్నాలుగో తారీకు సాయంత్రమే వచ్చాడు. ఇంజనీరు గారు కాగితం మీద రాసి చూపించారు. చదివి సంతకం పెట్టాను. ఎవరు చెప్పారో అందులో లేదు. నువ్వేనని తెలిసింది. ఆ రాత్రి నీ మీద చాలా కోపం వచ్చింది. దాచను.

మర్నాడు రాత్రి నిద్రపట్టక పైకి వెళ్లాను. కొత్త అతను మర్యాదస్తుడు, రెండో కుర్చీ వేశాడు. వాన జోరుగా ఉంది. ఇద్దరం గంట ఎదురుగానే కూర్చున్నాం. నేను గంట మీదినుంచి చూపు తిప్పలేదు. అది ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.

రెండు దాటాక అతను కుర్చీలోంచి లేచాడు.

“ఏం, ఎందుకు లేచావు?” అన్నాను.

అతను నా వంక చూసిన చూపు నీకు రాయలేను. అయిదు వేళ్లు చూపించాడు. అయిదు గేట్లు. నా సర్వీసులో అయిదు ఎన్నడూ రాలేదు. సైరన్ బటన్ నొక్కాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కింద నది మధ్యలో ఇసుకవాళ్ల లాంతర్లు ఉన్నాయి. లెక్కపెట్టాను, పద్నాలుగు. కొంచెంసేపు ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే ఒడ్డువైపు కదిలాయి. పద్నాలుగూ ఒడ్డెక్కేదాకా చూశాను. అప్పుడు గేట్లు ఎత్తాడు.

ఆ రాత్రి కుర్చీలో నేను ఒక్కణ్ణే ఉండి ఉంటే ఏమయ్యేదో పొద్దుటిదాకా అక్కడే కూర్చుని ఆలోచించాను.

లాండ్రీ వాళ్లింటికి వెళ్లి నిజం చెప్పి వచ్చాను. అతను ఏమన్నాడో నాకు తెలియదు. ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది.

క్వార్టరు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. నీ ఉత్తరం చదివాక ఇంట్లో కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. మీ అక్క అక్కడ ముక్కాలి పీట వేసుకుంది. పీట కింద నేల నున్నగా అరిగిపోయి ఉంది. ఇన్ని నెలలు ఆ ఇంట్లో తిరుగుతూ నేను అది చూడలేదు.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను, ఎల్లుండి అదే బస్సుకి వస్తున్నాను. తను నిద్రలో లేచి ఎన్నిసార్లు మోగిందని అడిగితే, మోగలేదని చెప్పు. వినేవాళ్లు వేరే ఉన్నారని చెప్పు. నేను వచ్చేసరికి పడుకుని ఉంటే బయట బెంచీ మీద కూర్చుంటాను. ఎంతసేపైనా సరే, లేపకు.

మీ బావ